బయో మందులో ప్రాణం ఉందా?

నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చేసిన 2021 సీజన్‌ను గుంటూరు, ఖమ్మం, వరంగల్ రైతులు అంత తేలిగ్గా మర్చిపోరు. రసాయన మందులు మార్చి మార్చి కొట్టినా పూత నిలవలేదు, చివరికి తోటలు పీకేసినవాళ్లూ ఉన్నారు. అయినా జీవ మందులంటే రైతు ఇంకా జంకుతూనే ఉన్నాడు. అవగాహన లేక అంటారు అధికారులు. మేం ఒప్పుకోం.

తెగుళ్లను ఆపే ట్రైకోడెర్మా, సూడోమోనాస్, పురుగును చంపే బవేరియా ఇవన్నీ ప్రాణమున్న సూక్ష్మజీవులు. వాటిని మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద నెలల తరబడి పడేస్తే ప్యాకెట్లో మిగిలేది ఉత్త పొడే. డబ్బు పోసి ఆ పొడి కొన్న రైతు మళ్లీ అటువైపు ఎందుకు చూస్తాడు?

మందు బతికుంటే ఏం చేస్తుందో శనగ చేలో చూడాలి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే, సాయంత్రం చల్లబడ్డాక, కాస్త బెల్లం కలిపి ఎన్‌పీవీ (పురుగుకు జబ్బు తెచ్చి చంపే వైరస్) ద్రావణం కొడితే, ఆ ఆకు తిన్న శనగపచ్చ పురుగు మెల్లగా మేత మానేస్తుంది, కొమ్మ చివరికి పాకి తలకిందులుగా వేలాడుతూ చస్తుంది, దాని తోలు పగిలి కారిన రసంతో మిగతా పురుగులకూ వైరస్ అంటుకుంటుంది. కానీ దానికి నాలుగైదు రోజులైనా పడుతుంది. రసాయనం కొట్టిన పక్క చేలో పురుగు తెల్లారేసరికి రాలిపోతుంటే ఇక్కడ కళ్లముందే కాయ తొలుస్తుంటే ఎంత టెన్షన్! ఆ రోజుల్లో గట్టు మీదికొచ్చి ధైర్యం చెప్పాల్సిన వ్యవసాయ సిబ్బంది ఎన్ని ఊళ్లలో కనిపిస్తున్నారు?

ఇంకా ఘోరం, బయో అని లేబుల్ వేసి లోపల రసాయనం కలిపి అమ్మడం. అది కొట్టిన మిర్చి ఎగుమతికి వెళ్లి, అక్కడ అవశేషాలు బయటపడితే మునిగేది రైతే, అమ్మినవాడు కాదు. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద జీవ పురుగుమందులకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు లేని సీసా షాపు అరలో ఉందంటే తనిఖీ చేయాల్సినవాళ్లు పని చేయట్లేదనే అర్థం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందు షాపుల నుంచి నమూనాలు తీయాలి. బతికున్న సూక్ష్మజీవులెన్ని, రసాయనం కలిసిందా లేదా పరీక్షించి, కంపెనీ పేరుతో సహా ఫలితాలు తెలుగులో రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో అంటించాలి. ఇదంతా తొలకరికి ముందే జరగాలి. విత్తనశుద్ధికి ట్రైకోడెర్మా కొనేది అప్పుడే కదా.