ఓటీపై మా ఇంటి ఏకగ్రీవ తీర్మానం

ఏ విషయం మీదైనా అవగాహన పెంచాలంటే ముందు ఆ విషయం తెలియని పెద్దలు నలుగురు కూర్చోవాలి. నెల్లూరు పద్ధతి ఇదే. మా అన్నయ్య కూతురు బైపీసీ పూర్తి చేసి, "ఆక్యుపేషనల్ థెరపీ చదువుతా బాబాయ్" అనడంతో ఆదివారం దర్గామిట్టలో అన్నయ్య ఇంట్లో సమావేశమయ్యాం. ఎజెండాలో రెండే అంశాలు. ఓటీ, చేపల పులుసు.

రెండో అంశం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. మొదటిదానితోనే చిక్కు. ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ అంది అక్క. కాదు, ఓవర్‌టైమ్ అన్నాడు బావ. పక్కింటాయన ఓటీటీ అనుకుని, సినిమాలు చూడ్డానికి నాలుగేళ్లు పైచిలుకు చదవాలా అని బాధపడ్డాడు.

అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పక్షవాతం వచ్చినవాళ్లు, చేతికి దెబ్బ తగిలినవాళ్లు, ఆటిజం ఉన్న పిల్లలు తమ పనులు తాము చేసుకునేలా తయారుచేయడమట. చొక్కా గుండీలు పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం, అన్నం కలుపుకోవడం.

"అన్నం కలపడానికి డిగ్రీనా?" అన్నాడు బావ. నవ్వలేక చచ్చాం. ఆ మూల వదిన, నాన్నకు పులుసన్నం స్పూన్‌తో తినిపిస్తూ తనూ నవ్వింది. పక్షవాతం వచ్చిన ఈ మూడేళ్లుగా ఆయనకు వదినే తినిపిస్తుంది. అది ఎజెండాలో లేదు కాబట్టి చర్చకు రాలేదు.

1950లోనే కమలా నింబ్కర్ అనే ఆవిడ బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో ఈ చదువు మొదలుపెట్టారట. ఇన్నేళ్లయినా మా వీధిదాకా రాలేదంటే తప్పు మాది కాదు, చదువుదే.

తర్వాత అమ్మాయి ఫోన్లో చట్టం తెరిచింది. ఆడపిల్ల చట్టం తెరవడం మా ఇంట్లో ఇదే మొదలు. 2021లో పార్లమెంటు ఇలాంటి వృత్తులన్నిటికీ జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆర్నెల్లలో రాష్ట్రాలు కౌన్సిళ్లు పెట్టాలని అందులోనే రాసుంది. 2024 ఆగస్టు వచ్చేసరికి సుప్రీంకోర్టు కలగజేసుకుని అక్టోబరు 12లోగా పెట్టండని గడువు ఇవ్వాల్సి వచ్చింది. బావకు ఇది బాగా నచ్చింది. "ప్రభుత్వాలకే లేని తొందర మనకెందుకు?" అని ఇంకో ముక్క వేయించుకున్నాడు.

వేయించుకుని, ట్రంకు రోడ్డులో ఎవరో చేతిలో పెట్టిన కరపత్రం తీశాడు. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, ఈ వారం చేరితే ఫీజులో తగ్గింపు. మూడేళ్ల నుంచి ఆరేళ్లలో కనీసం 3600 గంటలు చదివిన డిగ్రీ ఉంటేనే ఆ చట్టం లెక్కలో హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అంది అమ్మాయి. అంతటితో ఆగిందా? డబ్బు కట్టకముందే కాలేజీకి అనుమతి ఉందా, ఏ యూనివర్సిటీ కింద ఉంది, చదివాక రిజిస్ట్రేషన్ ఎక్కడ అని అడగాలట. ఫీజు కట్టేవాళ్లు ప్రశ్నలు వేయడం ఏం మర్యాద? మనం తలుపు దగ్గర చెప్పులు విడిచి, చెప్పినంతా కట్టి వచ్చే వంశం.

అసలు ప్రశ్న అక్క వేసింది. "పేరు ముందు డాక్టర్ అని ఉంటుందా, ఉండదా? పెళ్లి పత్రికకు కావాలి." ఈ విషయంలో ఢిల్లీ వాళ్లూ మాలాంటి వాళ్లే. 2025 సెప్టెంబరు 9న ఫిజియోథెరపిస్టులు డాక్టర్ అని రాసుకోకూడదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఉత్తరం రాసి, మర్నాడే వెనక్కి తీసుకుంది. ఫిజియోలకే ఒక్కరోజులో రెండు మాటలైతే ఓటీల సంగతి ఏ పంచాంగం చూసి చెప్పాలి?

ఆఖరి ప్రయత్నంగా అమ్మాయి సంచీలోంచి ఉదయగిరి చెక్క స్పూన్ తీసింది. పట్టు తక్కువైన చేతికి పిడి లావుగా ఉంటే పట్టుకోవడం తేలికని, ఉదయగిరి పనివాళ్లతో అలా చెక్కించానని చెప్పింది. మా నెల్లూరు సరుకు కదా, అందరం తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నాం. వదిన దాన్ని షోకేసులో పెట్టింది.

ఇక తీర్మానం. "ఓటీ వల్ల మన ఇళ్లలో ఎవరికీ ఉపయోగం లేనందున అమ్మాయిని నర్సింగుకో, అదీ కాకపోతే అమెరికా సంబంధానికో పంపవలెను." ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాను. అందరూ ఎత్తారు.

నాన్న ఎత్తలేదు. ఆయన కుడి చెయ్యి లేవదు కదా, అందుకని ఆయన్ని లెక్కలోంచి తీసేసి ఏకగ్రీవం అని రాసుకున్నాం.