సవరణ: వైర్‌మన్ పర్మిట్‌తో కాంట్రాక్టు పట్టొచ్చా?

పర్మిట్ చేతిలో ఉంటే నల్లగొండలో ఇళ్ల వైరింగ్ కాంట్రాక్టులు పట్టొచ్చన్నట్టు మొన్నటి పోస్టు అర్థమవుతోంది. అలా కాదు. వైర్‌మన్ పర్మిట్ పని చేయడానికే. పని ఒప్పుకోవాలంటే కాంట్రాక్టర్ లైసెన్సు వేరే ఉండాలి. పని చూసుకునే సూపర్‌వైజర్‌కూ సర్టిఫికెట్ కావాలి. కాలిన బల్బు, ఫ్యూజు, స్విచ్చు అదే కెపాసిటీలో మార్చడం లాంటి చిల్లర పనులకు ఇదేమీ అక్కర్లేదు.

ఇక ఆ పోస్టులో పాయింటు రేటని, అంటే ఒక్కో లైటు, ఫ్యాను, ప్లగ్గు పాయింటుకు ఇంతని, రాసింది లేబర్ ఒక్కటే. 90 మీటర్ల కాపర్ వైరు కాయిల్ అందులో రాదు. స్లాబులో పైపులు వేసిన నాటికీ, వైరు లాగే నాటికీ మధ్య రాగి ధర ఎటైనా పోవచ్చు. మెటీరియల్‌తో కలిపి గుత్తకు ఒప్పుకుంటే ఆ తేడా మన నెత్తినే. అందుకే కొటేషన్‌లో ‘వైరుకు కొన్ననాటి ధర’ అని రాసుకోండి, ఇంటాయన మొహం మాడ్చుకున్నా సరే. 18 శాతం జీఎస్టీ మాత్రం రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే వేయాలి.