పొలమారిన సంగతి అడిగేవాళ్లేరీ?

ట్రేలో ఒక పల్లీ బద్ద, వెనుక గ్లౌజులతో డాక్టర్లు, పైన ‘రెండు నెలల తర్వాత చిన్నారికి ఊరట’ అని హెడ్డింగ్. జిల్లా పేజీల్లో ఇలాంటి వార్త మీరు చదివే ఉంటారు. పిల్ల శ్వాసనాళంలోంచి ఆ బద్ద తీసినవాళ్ల నేర్పును నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ రెండు నెలలు ఆ పిల్ల ఎక్కడెక్కడ తిరిగింది, ఎవరేం మందులు రాశారు అన్నది ఆ వార్తలో ఉండదు. నాకు కావలసింది అదే.

ఎక్కువగా ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకే ఇలా అవుతుంది. నమలడానికి దవడ పళ్లు ఇంకా పూర్తిగా వచ్చి ఉండవు, నోట్లో పల్లీలు పెట్టుకునే పరుగెడతారు, పొలమారుతుంది. మొహం ఎర్రబడేలా దగ్గుతుంటే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తిన తడతాం, నీళ్లు తాగిస్తాం. కాసేపటికి దగ్గు ఆగిపోతుంది, అందరం మర్చిపోతాం. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే కొన్నిసార్లు దగ్గు ఆగింది గింజ బయటికొచ్చి కాదు, అది కిందికి జారి శ్వాసనాళపు కొమ్మలో కూర్చుంటే (చాలాసార్లు కుడి కొమ్మలో, అది ఎడమదానికంటే వెడల్పుగా, నిటారుగా ఉంటుంది) లోపలి పొర దానికి అలవాటు పడిపోయి. ఈ నిశ్శబ్దం రోజులు ఉండొచ్చు, వారాలూ ఉండొచ్చు.

తర్వాత ఆ పల్లీ తడికి ఉబ్బుతుంది, దాని నూనెకు చుట్టూ వాపు వస్తుంది. జ్వరం, పిల్లికూతలు. ఒకరు నెమ్ము అని యాంటీబయాటిక్ రాస్తారు, ఇన్ఫెక్షన్ నిజంగానే ఉంది కాబట్టి తగ్గుతుంది, కోర్సు అయిపోగానే మళ్లీ వస్తుంది. ఇంకొకరు ఉబ్బసం అని నెబ్యులైజర్ పెట్టిస్తారు, స్టెరాయిడ్‌తో వాపు తీసి నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. మరొకరు ప్రైమరీ కాంప్లెక్స్ అని టీబీ మందులు నెలల తరబడి వాడిస్తారు. ప్రతి మందూ కొద్దో గొప్పో పనిచేసినట్టు కనిపించడమే ఇక్కడ మనల్ని మోసం చేసేది.

ఎక్స్‌రే తీయించాం కదా అంటారు. పిన్నీసో, బొమ్మలోంచి ఊడిన చిన్న ఎల్‌ఈడీ బల్బో అయితే కనిపిస్తుంది. పల్లీ, కొబ్బరి ముక్క, సీతాఫలం గింజ మామూలుగా కనిపించవు. గాలి బయటికి రాలేక ఒక పక్క ఊపిరితిత్తి ఉబ్బినట్టు కనిపిస్తే అదృష్టం, లేదంటే ఫిల్మ్ శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రమైన ఫిల్మ్ చూసి ‘ఏం లేదమ్మా’ అని ఇంటికి పంపేస్తారు.

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే డాక్టర్ ఒక రైతు శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కను గొట్టం పంపి తీసింది 1897లో. ఎక్స్‌రే కనిపెట్టిన రెండేళ్లకే! అంటే తీసే విద్య మనకు ఎప్పటి నుంచో ఉంది. ఉందన్న అనుమానం రావడమే ఆలస్యమవుతోంది, ఆ అనుమానం ఒక ప్రశ్నతో వస్తుంది: ‘ఈ మధ్య ఏదైనా తింటూ పొలమారిందా?’

డాక్టర్లు చెప్పేదీ వినాలి. ఓపీలో వంద మంది పిల్లలు దగ్గుతుంటే అందరికీ మత్తిచ్చి బ్రాంకోస్కోపీ (గొట్టం పంపి శ్వాసనాళం లోపల చూడడం) చేయలేరు, దానికీ రిస్క్ ఉంది. నిజమే. నేను అడుగుతున్నది అందరికీ గొట్టం వేయమని కాదు, అందరినీ ఒక మాట అడగమని. పది సెకన్ల పని.

మా బంధువుల పిల్లాడి విషయంలో జరిగింది చెబుతాను, నా కోపం అందులోంచే వచ్చింది. రెండు నెలల తర్వాత ఒక పెద్ద డాక్టర్ గారు కుడివైపు గాలి సరిగా ఆడట్లేదని గమనించి, ఫిల్మ్ పక్కన పెట్టి నాయనమ్మను అడిగారు. ‘భోగి నాడయ్యా, పల్లీ ఉండలు కడుతుంటే’ అంది ఆమె, రోజుతో సహా. ఆ మాట అంతకు ముందు మూడు చోట్ల చెప్పిందట, ఒక్కరూ చీటీలో రాసుకోలేదు.

ఇది ఒక్క పల్లీ గింజ సమస్య కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. మన ఆస్పత్రుల్లో కాగితానికి ఉన్న విలువ ఆడవాళ్ల మాటకు లేదు. పిల్ల పక్కన రాత్రంతా కూర్చునేది తల్లి, ఊపిరి ఎప్పుడు మారిందో ముందు తెలిసేది ఆమెకే. గదిలోకి వెళ్లగానే ‘టెన్షన్ పడకమ్మా’ అని ఆమె నోరు మూయిస్తారు, బయట నిలబడ్డ తండ్రిని పిలిచి రిపోర్టు వివరిస్తారు. జబ్బు చరిత్ర చెప్పడమంటే ఆమె భయపడుతోందని అర్థం కాదు, సాక్ష్యం ఇస్తోందని.

ఓపీ చీటీ మీద బరువు, జ్వరం రాసే చోట ఇంకో గడి అచ్చు వేయండి: పొలమారిందా, ఎప్పుడు, ఏం తింటూ. అవును అని ఉండి, దగ్గు తగ్గకపోయినా, ఒక పక్క గాలి తక్కువగా వినిపించినా, ఫిల్మ్ ఎంత బాగున్నా సరే, ఇంకో యాంటీబయాటిక్ కోర్సు రాయకుండా ఆ రోజే బ్రాంకోస్కోపీ ఉన్న ఆస్పత్రికి పంపండి.