పదహారు గంటలు కడుపు మాడ్చుకుంటే, ఆ తర్వాత ఏదైనా తినొచ్చా?

అనంతపురంలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం నెల రోజులుగా తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: రాత్రి 8 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 దాకా ఏమీ తినకూడదు. మిగతా 8 గంటల్లో ఏదైనా, ఎంతైనా తినొచ్చు. ఇన్సులిన్ తగ్గి కొవ్వు దానంతటదే కరుగుతుంది. మొదటి వారంలోనే మూడు కిలోలు పోతాయి. దీనికి నోబెల్ బహుమతి వచ్చింది. మన పెద్దలు చేసిందీ ఇదే. షుగర్ ఉన్నవాళ్ళకు ఇంకా మంచిది. ఎన్నేళ్ళయినా ఇలాగే ఉండొచ్చు.

ముందు షుగర్ సంగతి చెప్తాను. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

మా పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు. రోజూ పొద్దున టిఫిన్‌కు ముందు గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటుంది. ఈ సందేశం చదివాక మాత్ర మానలేదు, టిఫిన్ మానేసింది. నాలుగో రోజు పదకొండు గంటలప్పుడు ఇద్దరం టవర్ క్లాక్ దగ్గర ఒక చీరల అంగట్లో ఉన్నాం. బేరం ఆడుతూ ఆడుతూ మాట ఆపేసి నా భుజం పట్టుకుంది. చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి.

"కళ్ళు తిరుగుతాండాయిరా" అంది.

"పొద్దున ఏమన్నా తింటివా పిన్నీ?"

"పన్నెండు కాలేదు కదరా."

అంగడాయన పరుగున పోయి పక్క టీ కొట్టులో చక్కెర తెచ్చాడు. మూడు స్పూన్లు నీళ్ళలో కలిపి తాగించాం. పావుగంటకు మనిషి తేరుకుంది. అదే ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మనం తిన్నామా లేదా అని చూడవు. క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. తిండి లేనప్పుడు ఆ ఇన్సులిన్ రక్తంలో ఉన్న చక్కెరనే లాగేస్తుంది. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్ళకూ ఇదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ భయం చాలా తక్కువ. షుగర్ ఉండి రోజా పట్టేవాళ్ళను రంజాన్‌కు ముందే కలవమని డాక్టర్లు చెప్పేది అందుకే, మాత్ర వేళా మోతాదూ మార్చాలి కాబట్టి. ఆ సందేశంలో ఈ ఒక్క ముక్క కూడా లేదు.

ఇక "ఏదైనా, ఎంతైనా తినొచ్చు" అన్న మాట. సరిగ్గా దీన్నే అమెరికాలో పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించారు. 116 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపల ఇష్టమొచ్చినంత తినమన్నారు, రెండో గుంపును మామూలుగా మూడు పూటలా తినమన్నారు. 12 వారాల తర్వాత మొదటి గుంపు సగటున 0.94 కిలో తగ్గింది, రెండోది 0.68 కిలో. ఆ కాస్త తేడా లెక్కలోకి వచ్చేది కాదు. నాకు ఇంకా బాధ కలిగించిన అంకె ఒకటుంది. ఉపవాసం గుంపులో కొందరికి ల్యాబులో కొలతలు తీస్తే, ఆ కొందరు సగటున తగ్గిన 1.70 కిలోల్లో 1.10 కిలోలు కొవ్వు కాదు, కండా నీరూ లాంటివి. యాభై దాటిన ఆడవాళ్ళకు కండ పోవడం చిన్న నష్టం కాదు.

మన తిండిలోనే చూడండి. పొద్దున రెండు జొన్నరొట్టెలు మానేస్తే దాదాపు 350 కేలరీలు మిగులుతాయి. పన్నెండింటికి ఆకలి మీద ఉగ్గాని, దాని పక్కన నాలుగు బజ్జీలు, సాయంత్రం టీవీ ముందు వంద గ్రాముల వేయించిన చెనిక్కాయలు. ఆ చెనిక్కాయల్లోనే 570 కేలరీల దాకా ఉంటాయి. మిగిల్చిందంతా వాటితోనే పోయింది. ఇన్సులిన్ పొద్దున్నంతా తక్కువగా ఉంటే ఉండనీ, రోజు మొత్తం మీద ఖర్చు కంటే రాబడి ఎక్కువైతే ఒళ్ళు దాన్ని దాచుకుంటుంది.

2022లో చైనాలో 139 మంది లావుగా ఉన్నవాళ్ళ మీద ఏడాది పాటు చేసిన పరీక్ష కూడా ఇదే చెప్పింది. అందరికీ తిండి ఒకేలా తగ్గించారు, సగం మందికి మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపలే తినాలని గడువు పెట్టారు. గడువు ఉన్నవాళ్ళు 8 కిలోలు, లేనివాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. గడువు వల్లే ఎక్కువ తగ్గారని ఆ తేడాను బట్టి చెప్పలేకపోయారు. రెండు గుంపుల్లోనూ పనిచేసింది తిండి తగ్గడమే.

మొదటి వారంలో మూడు కిలోలా? కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. మూడు కిలోల కొవ్వు వారంలో కరగాలంటే రోజుకు 3,300 కేలరీల లోటు రావాలి. మా పిన్ని లాంటి మనిషి రోజంతా ఖర్చు చేసేదే 2,000 ఉండదు. త్రాసు మీద తగ్గి కనిపించేది చాలావరకు ఒంట్లో నిలవున్న పిండిపదార్థం, దాన్ని పట్టుకుని ఉన్న నీరు. నాలుగు ముద్దలు తినగానే తిరిగొస్తుంది.

నోబెల్ మాట సగం నిజం. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి ఇచ్చారు. కణం తనలోని పాత భాగాలను తానే విడగొట్టుకుని మళ్ళీ వాడుకునే పద్ధతిని ఆయన ఈస్ట్ కణాల్లో కనుక్కున్నారు. బరువు తగ్గడానికి మనుషులు ఎన్ని గంటలు పస్తుండాలో చెప్పినందుకు కాదు.

పెద్దల పేరు చెప్పినప్పుడు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. మా అవ్వ తెల్లారకముందే సద్ది తాగి చేనికి పోయేది. పొద్దెక్కితే సంగటి ముద్ద, ఊరుబిండి. చెనిక్కాయ పీకే రోజుల్లో కూలికి వచ్చిన ఆడవాళ్ళను పన్నెండు దాకా ఖాళీ కడుపుతో వంగి పనిచేయమంటే చేయగలరా? ఒంటిపూట తిన్న రోజులు ఉన్నాయి, అవి కరువు రోజులు. 1952లో ఈ సీమలో గంజి కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. తిండి దొరకక పస్తున్నవాళ్ళను చూపించి దాన్ని ఆరోగ్య సూత్రం అనకండి.

చివరిది, ఎన్నేళ్ళయినా ఉండొచ్చన్నది. రోజు విడిచి రోజు ఉపవాసం మీద 2017లో వచ్చిన ఏడాది పరీక్షలో, ఉపవాసం గుంపు నుంచి 38 శాతం మంది మధ్యలోనే తప్పుకున్నారు. రోజూ కాస్త తగ్గించి తిన్న గుంపులో తప్పుకున్నది 29 శాతం. పదహారు గంటల పద్ధతి ఎవరికీ పనికిరాదని నేను అనను. రాత్రి పదకొండుకు మిక్చర్ పొట్లం విప్పే మా బావ ఎనిమిది తర్వాత నోరు కట్టేసుకుని నిజంగానే తగ్గాడు. ఆయనకు షుగర్ లేదు, మాత్రలు లేవు, ఆయన మానేసింది మిక్చర్.

పిన్ని ఇప్పుడు మాత్ర వేసుకుని, వెంటనే ఒక రొట్టె, గిన్నెడు పప్పు తింటోంది. మా గ్రూపులో షుగర్ మాత్రలు వాడేవాళ్ళు నాకు తెలిసి పదకొండు మంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఏ మాత్ర వాడుతున్నారు, పొద్దున ఏం తింటున్నారు అని అడుగుతున్నాను. ఇంకా ఇద్దరు ఫోన్ ఎత్తలేదు.