"దీవిలో ఇల్లు కొంటే అద్దెకు ఢోకా లేదు" అన్న మాటలో నిజమెంత?

"దీవిలో స్థలం పెరగదు, టూరిస్టులు మాత్రం పెరుగుతూనే ఉంటారు. చిన్న దీవిలో ఒక ఇల్లు కొని అద్దెకిస్తే జీవితాంతం నిశ్చింత." ఈ మాట ఈమధ్య చాలామంది ఒకరికొకరు పంపుకుంటున్నారు. కష్టపడి దాచుకున్న డబ్బును ఇది నమ్మి పెట్టేస్తారేమోనన్న భయంతోనే రాస్తున్నాను.

స్థలం పెరగదన్నది నిజమే. కానీ అక్కడ అద్దెకుండేవాళ్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పెద్ద నగరంలో ఒక కంపెనీ మూతపడితే అందులో పనిచేసేవాళ్లు ఇంకోచోట చేరతారు, అదే ఇంట్లో ఉంటారు. చిన్న దీవిలో ఆ ఇంకోచోటు ఉండదు. హవాయిలోని మోలొకాయ్‌నే చూడండి. జనాభా సుమారు 7 వేలు. దీవిలో మూడోవంతు దాకా భూమి ఉన్న మోలొకాయ్ రాంచ్ అనే కంపెనీ 2008లో తన వ్యాపారాలు మూసేసింది. హోటల్, గోల్ఫ్ కోర్సు, సినిమా హాలు అన్నీ ఒక్కసారే పోయాయి, వాటితోపాటు సుమారు 120 ఉద్యోగాలు కూడా. 2016లో పక్కనున్న మావి దీవికి తిరిగే ఫెర్రీ కూడా ఆగిపోయింది. సముద్రం, ఇసుక ఎప్పటిలాగే ఉన్నాయి. పోయింది అద్దె కట్టే జీతాలు. అందుకే బీచ్ ఫొటో చూసే ముందు, ఆ దీవిలో ఎన్ని రకాల జీతాలు నడుస్తున్నాయో చూడాలి.

ఇంకోటి: కొన్నది స్థలమేనా? హవాయిలో కొన్ని ఇళ్లు లీజ్‌హోల్డ్ కింద అమ్ముతారు, అంటే ఇల్లు మనదైనా కింది స్థలం గడువున్న లీజు మీదే. లీజు గడువు దగ్గరపడేకొద్దీ విలువ కరిగిపోతుంది.

"అద్దె రాబడి ఎక్కువ" అన్న లెక్కలో ఖర్చులు వేయరు. సిమెంటు, కలప, వాటర్ హీటర్ అన్నీ ఓడ మీదే రావాలి. హవాయిలో వచ్చిన అద్దె మొత్తం మీద 4 శాతం జనరల్ ఎక్సైజ్ ట్యాక్స్ కట్టాలి, కౌంటీ (మన జిల్లా లాంటిది) వేసే సర్‌చార్జ్ అదనం. రిపేర్లు, వడ్డీ తీసేశాక మిగిలిన దానిమీద కాదు, చేతికొచ్చిన మొత్తం మీద. ఇక తుఫాను రిస్క్ ఉన్నచోట ఇన్సూరెన్స్ ప్రీమియం వేరే. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను కొట్టాక కరీబియన్‌లోని బార్బుడా దీవిని మొత్తం ఖాళీ చేయించారు. ఒక్క మనిషి లేని దీవిలో అద్దె ఎవరిస్తారు?

"అంతా ఫోన్‌లోనే చూసుకోవచ్చు" అంటారు. బుకింగ్ చూసుకోవచ్చు, కారే పైపు చూసుకోలేరు. దీవిలో ఉన్న ఒక్క ప్లంబర్‌కు తీరికయ్యేదాకా ఆగాల్సిందే.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది "ఊరివాళ్లకూ మేలే" అన్న మాట. ఉన్న కొద్ది ఇళ్లూ టూరిస్టులకు పోతే నర్సు, టీచర్, పడవ నడిపే మనిషి ఎక్కడుండాలి? 2023 ఆగస్టులో మావిలోని లహైనా కాలిపోయినప్పుడు వేలమంది గూడు కోల్పోయారు. ఆ మరుసటి ఏడాదే హవాయి రాష్ట్రం కొత్త చట్టం తెచ్చి, రోజులవారీ అద్దెలను దశలవారీగా తీసేసే అధికారాన్ని కౌంటీలకు స్పష్టంగా ఇచ్చింది. రోజువారీ అద్దె లెక్కతో కొన్న ఇంటికి అసలు టెన్షన్ ఇదే. ఎవరైనా నన్నడిగితే, అక్కడే పనిచేసుకునే కుటుంబానికి ఏళ్ల తరబడి ఇవ్వగలిగే అద్దెతో లెక్కవేసి చూడమంటాను. ఆ అద్దెకు ఈఎంఐ, ప్రీమియం గడవకపోతే ఆ ఇల్లు కొనవద్దనే చెబుతాను.