డబ్బొక్కటే ఆపుతుందా?
అమెరికా విశ్వవిద్యాలయాల జట్ల గురించి రాసిన వ్యాసంలో, ఎక్కువ డబ్బు పెట్టగల విశ్వవిద్యాలయమే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను నిలుపుకుంటుందని వ్యాసకర్త తేల్చేశారు. సగమే నిజం. 2023లో మూడే మ్యాచ్‌లు గెలిచిన ఇండియానా విశ్వవిద్యాలయం జట్టు మరుసటి ఏడాది 11 గెలిచింది. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటీ వెంట ఆయన అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి పదిమందికి పైగా ఆటగాళ్లు వచ్చారు. ఆయన పద్ధతి వాళ్లకు తెలుసు, వాళ్ల సత్తా ఆయనకు తెలుసు. డబ్బుకు విలువ లేదని కాదు. ఆటగాడు మొదటిసారి వేరే విశ్వవిద్యాలయానికి మారితే ఏడాది ఆడకుండా ఖాళీగా కూర్చోవాలన్న నిబంధన 2021లో పోయింది, ప్రకటనల వంటివాటిలో తమ పేరు వాడుకోనిచ్చి సంపాదించుకునే హక్కూ ఆటగాళ్లకు అప్పుడే వచ్చింది. ఇక రెండో క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపి బంతి విసిరే ఆటగాడికి బదులుగా ఉంచినవాడు) బెంచీ మీద ఎన్నాళ్లని ఓపిక పడతాడు? అతనికి కావలసింది ముందు మైదానంలో చోటు. వ్యాసంలో అలాంటి వాళ్ల ఊసే లేదు.