ఖజానా తాళాలు జారవిడుచుకున్న అమెరికా కాంగ్రెస్

ఖర్చుల బిల్లుకు ఆమోదం దొరక్క 2025 అక్టోబర్ 1న మూతపడిన అమెరికా ప్రభుత్వం నవంబర్ 12న గానీ తెరుచుకోలేదు. 43 రోజులు! ఆ దేశ చరిత్రలో అంతకుముందు ఇంత సుదీర్ఘమైన షట్‌డౌన్ లేదు. ఆరోగ్య బీమా రాయితీలు పొడిగిస్తేనే ఓటు వేస్తామని డెమోక్రాట్లు, ముందు తలుపులు తెరవండి, మిగతావి తర్వాత చూద్దామని రిపబ్లికన్లు భీష్మించారు. చివరికి డెమోక్రాట్ల పక్షంలోని ఎనిమిది మంది సెనేటర్లు గీత దాటడంతో బిల్లు 60-40తో గట్టెక్కింది. రాయితీల సంగతి మాత్రం తేలలేదు. గెలుపోటముల లెక్కలు రెండు శిబిరాలూ ఎవరికి తోచినట్టు వారు వేసుకున్నాయి. నా లెక్కలో ఓడింది ఆ దేశ చట్టసభ అయిన కాంగ్రెస్.

షట్‌డౌన్ అనే మాట ఆ దేశ రాజ్యాంగంలో ఎక్కడా లేదు. చట్టసభ కేటాయించనిదే ఖజానా నుంచి డబ్బు తీయకూడదని మొదటి అధికరణంలో ఉంది, అంతే. 1970లలో కేటాయింపులు ఆలస్యమైన సందర్భాలు చాలానే ఉన్నాయి. అయినా కార్యాలయాలకు తాళాలు పడలేదు. బిల్లు వచ్చేదాకా ఎలాగో నెట్టుకొచ్చారు. 1980లో కార్టర్ ప్రభుత్వ అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఒక పాత చట్టాన్ని తిరగేసి, నిధులు ఆగితే పనీ ఆగాల్సిందేనని అభిప్రాయం చెప్పారు. పార్టీలకు కావలసిన ఆయుధం ఆ కాగితంలో దొరికింది. పార్లమెంటరీ దేశాల్లో బడ్జెట్ వీగిపోతే సాధారణంగా ప్రభుత్వమే పడిపోతుంది. అమెరికాలో నాయకుల కుర్చీ కదలదు, వారి జీతమూ ఆగదు. గుమాస్తా జీతమే ఆగుతుంది.

పోనీ పొదుపైనా జరుగుతుందా అంటే అదీ లేదు. 2019లో చేసిన చట్టం ప్రకారం ఇంట్లో కూర్చోబెట్టిన ఉద్యోగికి కూడా ఆ రోజుల జీతం తర్వాత చెల్లించాలి. 2018-19లో మెక్సికో సరిహద్దు గోడ కోసం సాగిన 35 రోజుల మూసివేత వల్ల ఆర్థిక వ్యవస్థకు 1,100 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లిందని, అందులో 300 కోట్లు ఎప్పటికీ తిరిగి రావని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయమే తేల్చింది. ఆ పంతం ఎలా ముగిసిందో గుర్తుందా? 2019 జనవరి 25న సుమారు పది మంది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు విధులకు రాలేదు. న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయానికి రావలసిన విమానాలు కాసేపు నిలిచిపోయాయి. ఆ రోజు రాత్రికల్లా ప్రభుత్వం తెరుచుకుంది. ఐదు వారాలుగా అధినేతలు విప్పలేని ముడి, జీతాల్లేక అలసిపోయిన ఉద్యోగుల గైర్హాజరుతో ఒక్క పూటలో విడిపోయింది.

గడువు భయం లేకపోతే ఎవరూ బేరానికి కూర్చోరని, మైనారిటీ పక్షం చేతిలో ఉన్న ఏకైక పట్టు ఇదేనని వాదించేవారున్నారు. సరే, ఆ పట్టుతో సాధించినదేమిటి? 2013లో ఒబామా ఆరోగ్య చట్టాన్ని ఆపడానికి రిపబ్లికన్లు 16 రోజులు, తర్వాత గోడ కోసం ట్రంప్ 35 రోజులు, 2025లో రాయితీల కోసం డెమోక్రాట్లు 43 రోజులు పట్టుబట్టారు. అడిగింది ఒక్కరికీ దక్కలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. పిట్ట పోరు, పిట్ట పోరు పిల్లి తీర్చినట్టు, పార్టీలు కొట్టుకుంటుంటే ఖజానా మీద పెత్తనం అధ్యక్షుడి చేతికి జారుతోంది. 2025 అక్టోబర్‌లో సైనికులకు జీతాలివ్వడానికి శ్వేతసౌధం రక్షణ శాఖ (పెంటగాన్) పరిశోధన నిధులను మళ్లించింది. సైనికుడి జీతానికి అడ్డుపడే ధైర్యం ఎవరికుంటుంది? ఎవరూ గట్టిగా ప్రశ్నించలేదు. కానీ ఒక పద్దుకు కేటాయించిన సొమ్మును మరో పద్దుకు వాడుకోవచ్చో లేదో చెప్పాల్సింది చట్టసభ. అంతకుముందు ఆగస్టు చివర్లో జరిగింది ఇంకా గడుసైన పని. కాంగ్రెస్ ఆమోదించిన విదేశీ సాయంలో 490 కోట్ల డాలర్లు రద్దు చేయమని అధ్యక్షుడు ప్రతిపాదన పంపారు. దాన్ని పరిశీలించడానికి సభకు 45 రోజుల వ్యవధి ఉంటుంది, ఆలోగా డబ్బు ఆపి ఉంచవచ్చు. సెప్టెంబర్ 30తో ఆర్థిక సంవత్సరం ముగిసిపోతుంది కాబట్టి, సభ నోరు మెదపకపోయినా ఆ నిధులు వాటంతటవే మురిగిపోతాయి. సుప్రీంకోర్టు సెప్టెంబర్ 26న ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వుతో అందులో సుమారు 400 కోట్లను ఆపి ఉంచడానికి దారి ఇచ్చింది. కేటాయించిన నిధులను అప్పటి అధ్యక్షుడు నిక్సన్ తొక్కిపెట్టినందుకు కదా 1974లో కాంగ్రెస్ చట్టం చేసింది! ఆ చట్టంలోని సందునే ఇప్పుడు వాడుకున్నారు.

దీనికి రెండు పార్టీలూ బాధ్యులే. ఏటా ఆమోదించాల్సిన 12 కేటాయింపు బిల్లులూ సకాలంలో పూర్తయి మూడు దశాబ్దాలు కావస్తోంది. చివరిసారి అది 1997 ఆర్థిక సంవత్సరానికి జరిగింది. పన్నులు తగ్గించాలంటే మాత్రం ప్రత్యేక విధానంలో సెనేట్‌లో సాధారణ మెజారిటీ చాలు. 2017లోనూ 2025లోనూ అలాగే చేశారు. ఏటా ఖర్చుల బిల్లుకేమో 60 ఓట్లు కావాలి. అప్పు పెంచే దారి సులువు, పద్దులు రాసుకునే దారి కష్టం. అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటిందంటే దాటదా మరి!

గడువు దాటితే పాత కేటాయింపులే 14 రోజుల చొప్పున వాటంతటవే కొనసాగాలని, అప్పటిదాకా సభ్యులు ప్రభుత్వ ఖర్చుతో ప్రయాణాలు మానుకుని వాషింగ్టన్‌లోనే కూర్చుని పని తేల్చాలని రిపబ్లికన్ జేమ్స్ లాంక్‌ఫర్డ్, డెమోక్రాట్ మ్యాగీ హాసన్ ఉమ్మడిగా తెచ్చిన బిల్లు ఏళ్లుగా చర్చలోనే నలుగుతోంది. 2025 నాటి 43 రోజుల్లో అలాంటి నిబంధన ఉండి ఉంటే దిగువ సభ ఇబ్బంది పడేది. సెప్టెంబర్ 19న వాయిదా పడిన ఆ సభ, మళ్లీ ఓటు వేయడానికి నవంబర్ 12 దాకా సమావేశమే కాలేదు.